కంటైనర్ తలుపు తీశాక కుర్రాడికి తలనొప్పి, వికారం. మిథైల్ బ్రోమైడ్ గురించి తెలిసినవాళ్లు చెప్పండి

గోదాం_రాత్రిడ్యూటీ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. నేను ఒక గోదాంలో సరుకు దింపించే సూపర్‌వైజర్‌ని. ఈ పనిలోకి వచ్చి నాలుగు నెలలే అయింది. ఓడ మీద వచ్చిన కంటైనర్లు మా దగ్గరికి వస్తాయి, తలుపు తీయించి సరుకు దింపించడం నా డ్యూటీ.

ఈ రోజు మధ్యాహ్నం మూడు గంటలకి ఒక కంటైనర్ తీశాం. సోఫాలు, కుర్చీలు, ఫోమ్ కుషన్లు, అన్నీ చెక్క ప్యాలెట్ల మీద ఉన్నాయి. తలుపు తీసిన రెండు నిమిషాలకే ఇద్దరు కుర్రాళ్లు లోపలికి వెళ్లిపోయారు. నేను గుమ్మం దగ్గర నిలబడి లెక్క రాసుకుంటున్నాను. అరగంట తర్వాత తలుపు మూయబోతే దాని మీద సగం చిరిగిన స్టిక్కర్ కనిపించింది. పుర్రె బొమ్మ, కింద మిథైల్ బ్రోమైడ్ అని పేరు, సరుకులో పురుగుల్ని చంపడానికి పెట్టే విషవాయువట. గ్యాస్ పెట్టిన తేదీ రాసి ఉంది. గాలి ఆడించిన తేదీ దగ్గర ఖాళీ.

నాకు కాళ్ల కింద నేల కదిలినట్టయింది. వెంటనే అందరినీ బయటికి రమ్మన్నాను. లారీతో వచ్చినాయన మాత్రం "వాసన ఏమన్నా వస్తోందా? రావట్లేదు కదా. వాసన లేదంటే గ్యాస్ ఎప్పుడో పోయినట్టే" అన్నాడు. నిజంగానే ఏ వాసనా లేదు.

సాయంత్రం ఆరు నుంచి కుర్రాళ్లలో ఒకడికి తలనొప్పి, వికారం. ఒకసారి వాంతి అయింది. ఇంటికి వెళ్లి పడుకుంటానంటున్నాడు. నాకూ తల బరువుగా ఉంది, అది టెన్షన్ వల్లో గ్యాస్ వల్లో తెలియడం లేదు.

వాసన లేకపోతే గ్యాస్ లేనట్టేనా? తలుపు ఎంతసేపు తీసి ఉంచాలి? మా స్టోర్‌లో ఉన్న మాస్కులు సరిపోతాయా? ఇంకొకటి, ఈ ప్యాలెట్ల మీద కాల్చిన ముద్ర ఉంది, అందులో ఎంబీ అనే అక్షరాలు ఉన్నాయి. ఖాళీ ప్యాలెట్లు మావాళ్లు ఇంటికి పట్టుకెళ్లి బల్లలు చేసుకుంటారు. పట్టుకెళ్లనివ్వవచ్చా?

ఎమర్జెన్సీ_నర్సు:

మిగతా ప్రశ్నలు తర్వాత. ముందు ఆ కుర్రాడిని ఇంటికి పంపకండి. పడుకోనివ్వకండి, బండి నడపనివ్వకండి. ఇప్పుడే ఎమర్జెన్సీ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. లోపలికి వెళ్లిన రెండో అబ్బాయిని కూడా, బాగానే ఉన్నాడని అనిపించినా సరే. మీరూ చూపించుకోండి.

స్టిక్కర్‌కి ఫోటో తీసి డాక్టరుకి చూపించండి. "ఏదో గ్యాస్ పీల్చాడు" అనకండి, మిథైల్ బ్రోమైడ్ అని పేరు పెట్టి చెప్పండి. ఎన్ని గంటలకి లోపలికి వెళ్లారు, ఎంతసేపు ఉన్నారు, కాగితం మీద రాసివ్వండి. అక్కడ గందరగోళంలో ఇవన్నీ తారుమారవుతాయి.

వెళ్లే ముందు ఆరుబయట వాళ్ల బట్టలు, బూట్లు మార్పించండి. విప్పినవి కారులో పెట్టుకోకండి, బయట గాలికే వదిలేయండి. ఒంటి మీద మంటగా ఉన్నచోట నీళ్లతో బాగా కడగండి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ గ్యాస్ మొదటి రోజు మామూలు తలనొప్పిలా ఉంటుంది. అసలు లక్షణాలు కొన్ని గంటల తర్వాత రావచ్చు, ఒక్కోసారి 48 గంటల వరకు పట్టవచ్చు. మాట తడబడటం, చూపు మసకబారడం, నడకలో తూలడం, చేతులు వణకడం, చివరికి ఫిట్స్. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం కూడా ఆలస్యంగానే జరుగుతుంది. దీనికి ప్రత్యేకమైన విరుగుడు మందు లేదు. ఏ లక్షణం వస్తే దానికి వెంటనే చికిత్స చేయాలి, అందుకే కళ్లముందు ఉంచుకోవడం ముఖ్యం. రక్తంలో బ్రోమైడ్ పరీక్ష ఉంది. అయితే ఆ అంకె తక్కువగా ఉందని ఇంటికి పంపేయడం సరికాదు, మనిషి పరిస్థితికీ ఆ అంకెకీ ఎప్పుడూ పొంతన కుదరదు.

వెళ్లాక ఇక్కడ ఒక్క మాట రాయండి.

గోదాం_రాత్రిడ్యూటీ:

మేడమ్, ఆసుపత్రిలోనే ఉన్నాం. ముగ్గురినీ చూశారు. వాంతి అయిన కుర్రాడిని, రెండో అబ్బాయిని అడ్మిట్ చేసుకున్నారు. నన్ను ఉదయం దాకా ఇక్కడే కూర్చోమన్నారు. ఫోటో చూపించగానే డాక్టరుగారు ఎవరికో ఫోన్ చేసి మాట్లాడారు. మీరు చెప్పకపోతే వాడిని ఇంటికి పంపేసేవాణ్ని.

పాత_సిలిండర్:

తమ్ముడూ, నర్సమ్మగారు చెప్పాల్సింది చెప్పారు. కుర్రాళ్లు ఆసుపత్రిలో ఉన్నారు కాబట్టి ఇప్పుడు మిగతాది నేను చెబుతాను. నేను ఇరవై ఏడేళ్లు ఫ్యూమిగేషన్ పని, అంటే గ్యాస్ పట్టించి పురుగుల్ని చంపే పని చేశాను. ఓడల్లో, గిడ్డంగుల్లో, టార్పాలిన్ల కింద, కంటైనర్లలో. రిటైరై మూడేళ్లయింది. మేం దీన్ని ఎంబీ అనే పిలిచేవాళ్లం. మీ ప్యాలెట్ మీద ముద్ర కూడా అదే.

ఆ లారీ ఆయన అన్న మాట ఉంది చూశారా, "వాసన లేదంటే గ్యాస్ పోయినట్టే" అని. ఆ మాట నా సర్వీసులో ఎన్నిసార్లు విన్నానో. ఎంబీ రంగులేని గ్యాస్, మనిషిని దెబ్బతీసే మోతాదులో దానికి వాసన కూడా ఉండదు. బాగా ఎక్కువైతే క్లోరోఫామ్‌లా తియ్యటి వాసన వస్తుంది. ఆ వాసన తగిలేసరికి మీరు ఉండకూడని చోట చాలాసేపటి నుంచి ఉన్నట్టే.

కొన్ని సిలిండర్లలో హెచ్చరికగా క్లోరోపిక్రిన్ రెండు శాతం కలుపుతారు. అది కళ్లు మండించి నీళ్లు తెప్పిస్తుంది. అది కూడా నమ్మదగ్గ కాపలాదారు కాదు. రెండు గ్యాస్‌లూ ఒకే వేగంతో పోవు. క్లోరోపిక్రిన్ ముందే సరుకులో ఇంకిపోయి కళ్లు మండటం ఆగిపోవచ్చు, ఎంబీ మాత్రం అక్కడే ఉంటుంది. పైగా మొక్కలకి, విత్తనాలకి క్లోరోపిక్రిన్ చెరుపు చేస్తుందని చాలా పనులకి నూటికి నూరు శాతం ఎంబీనే వాడతారు.

ఇప్పుడు అంకెలు చెబుతాను, అప్పుడు మీకే అర్థమవుతుంది. చెక్క ప్యాకింగ్‌కి అంతర్జాతీయ నియమం ఒకటి ఉంది, ఐఎస్‌పీఎం 15 అంటారు, 2002లో వచ్చింది. చెక్కలో దాక్కున్న పురుగులు దేశం నుంచి దేశానికి పాకకుండా పెట్టారు. 21 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకంటే వేడిగా ఉంటే ఘనపు మీటరుకి 48 గ్రాముల ఎంబీ పెట్టి 24 గంటలు మూసి ఉంచాలి. చలిగా ఉంటే డోసు పెరుగుతుంది, 10 డిగ్రీల కంటే తక్కువైతే అసలు చేయకూడదు. ఇరవై అడుగుల కంటైనర్ లోపలి ఖాళీ సుమారు 33 ఘనపు మీటర్లు. అంటే కిలోన్నర పైన గ్యాస్. పీపీఎంలో, అంటే పది లక్షల భాగాల గాలిలో ఎన్ని భాగాలు గ్యాస్ అనే లెక్కలో చెప్పాలంటే 12,000 దాటుతుంది. ఎనిమిది గంటలు పనిచేసే మనిషికి వృత్తి ఆరోగ్య నిపుణులు సిఫారసు చేసే హద్దు 1 పీపీఎం. 250 పీపీఎం ప్రాణానికి తక్షణ ప్రమాదమని లెక్క. పన్నెండు వేల నుంచి ఒకటికి దిగాలి, ఆ దిగే దారంతా వాసన లేని దారి.

ఇంకో సంగతి. ఇది గాలి కంటే మూడు రెట్లకు పైగా బరువు. కింద పేరుకుంటుంది. కుర్రాళ్లు వంగి ప్యాలెట్ కింద చెయ్యి పెట్టి లాగేది అక్కడే. మీరు గుమ్మంలో నిలబడి ముక్కు ఎత్తులో గాలి బాగుందనుకుంటే, మోకాలి ఎత్తులో వేరే కథ నడుస్తూ ఉంటుంది.

ఎంతసేపు తీసి ఉంచాలి అన్నారు. గంటల్లో జవాబు చెప్పేవాణ్ని ఎవరినీ నమ్మకండి, నన్ను కూడా. గ్యాస్ గాల్లో మాత్రమే ఉంటే తలుపులు రెండూ బార్లా తీసి ఫ్యాన్ పెడితే తొందరగానే పోతుంది. అయితే ఫోమ్, అట్టపెట్టెలు, చెక్క గ్యాస్‌ని తాగేస్తాయి. తర్వాత మెల్లమెల్లగా వదులుతాయి. మీటరు సున్నా చూపించిన కంటైనర్‌ని రాత్రంతా మూసి ఉంచి పొద్దున్నే మళ్లీ కొలిస్తే పదో పదిహేనో చూపించిన సందర్భాలు నా చేతుల మీదుగానే జరిగాయి. మీ సరుకు ఫోమ్ కుషన్లు, అది ఇంకా జిడ్డు బాపతు. ప్లాస్టిక్ చుట్టిన సోఫా అయితే ప్లాస్టిక్ విప్పినప్పుడు లోపలి గ్యాస్ మొహం మీదికే వస్తుంది.

అందుకని ముందు కొలవాలి. తలుపు తీయకముందే రబ్బరు సీలు సందులోంచి సన్నటి గొట్టం లోపలికి దూర్చి గాలి లాగి చూడాలి. గాజు ట్యూబులు దొరుకుతాయి, చేతి పంపుతో గాలి లాగితే లోపలి పొడి రంగు మారుతుంది, ఎంబీకి వేరే ట్యూబు ఉంటుంది. ఎలక్ట్రానిక్ మీటర్లూ ఉన్నాయి. ఒక జాగ్రత్త చెప్పాలి. చాలా గోదాముల్లో నడుముకి తగిలించుకునే నాలుగు గ్యాసుల మీటరు ఉంటుంది, ఆక్సిజన్, మండే గ్యాస్, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్ చూసేది. ఈ మోతాదుల్లో ఎంబీ విషయంలో అది గుడ్డిది. అది మోగలేదు కదా అని లోపలికి వెళ్లడం, వాసన రాలేదు కదా అని వెళ్లడం, రెండూ ఒకటే.

మేం కొత్తలో హేలైడ్ దీపం వాడేవాళ్లం. చిన్న మంట మీద రాగి రింగు ఉంటుంది. గాలిలో ఎంబీ ఉంటే మంట అంచు ఆకుపచ్చగా మారుతుంది, ఎక్కువయ్యేకొద్దీ నీలం. రాత్రిపూట టార్పాలిన్ అంచు వెంబడి దీపం పట్టుకుని లీకులు వెతికేవాళ్లం. ఆ పచ్చదనం చూస్తే ఇప్పటికీ నా ఒళ్లు జలదరిస్తుంది. లీకు వెతకడానికి అది పనికొచ్చేది గానీ, 1 పీపీఎం చూసే శక్తి దానికి లేదు. మంట పచ్చబడలేదంటే క్షేమం అని అప్పట్లో అందరం అనుకున్నాం. అది తప్పు.

మాస్కుల గురించి. మీ స్టోర్‌లో ఉన్నవి దుమ్ము మాస్కులు అయ్యుంటాయి. గ్యాస్ వాటిలోంచి నేరుగా వెళ్లిపోతుంది. ఎంబీ ఎంత ఉందో తెలియని చోటికి, ఎక్కువ ఉందని తెలిసిన చోటికి, వీపున గాలి సిలిండర్ ఉన్న బ్రీతింగ్ సెట్‌తో, శిక్షణ ఉన్న మనిషే వెళ్లాలి. మీ కుర్రాళ్లకి అది పని కాదు. మీ పని, మీటరు అంకె 1 కంటే కిందికి దిగేదాకా ఎవరినీ లోపలికి వెళ్లనివ్వకపోవడం.

గోదాం_రాత్రిడ్యూటీ:

అన్నగారూ, చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి. మా దగ్గర ఉన్నది మీరు చెప్పిన ఆ నాలుగు గ్యాసుల మీటరే. గ్లవ్స్ వేసుకుంటే ఏమైనా మేలా? మావాళ్లందరికీ రబ్బరు గ్లవ్స్ ఉన్నాయి.

పాత_సిలిండర్:

గ్లవ్స్ సంగతి అడిగారు, మంచిది. చాలామంది తలకిందులుగా అనుకునేది ఇదే.

సిలిండర్‌తో పనిచేసేవాళ్లు గ్లవ్స్, బిగుతు బూట్లు, ఉంగరం, వాచీ, ఆఖరికి వేలికి అంటించే ప్లాస్టర్ కూడా లేకుండా పనిచేయాలని ఎంబీ లేబుళ్ల మీద రాసి ఉంటుంది. వినడానికి వింతగా ఉంటుంది. ఎంబీ 3.6 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. చేతి మీద చుక్క పడితే చల్లగా తగిలి ఎగిరిపోతుంది. అదే గ్లవ్ కింద, బూటులో పడితే ఎగరడానికి దారి ఉండదు. రబ్బరులోకి, తోలులోకి ఇంకి చర్మాన్ని పట్టుకుని కూర్చుంటుంది.

నేను పనిలో చేరిన రెండో ఏడు. సిలిండర్ మారుస్తుంటే హోసు జాయింట్ దగ్గర కొంచెం ద్రవం చింది ఎడమ బూటు మీద పడింది. లేసుల సందులోంచి లోపలికి చల్లగా జారింది. హాయిగానే అనిపించింది, ఎండాకాలం. పని మధ్యలో ఎవరు విప్పుతారని అలాగే గంటన్నర తిరిగాను. రాత్రి పాదం మండటం మొదలైంది. తెల్లారేసరికి పాదం మీద కోడిగుడ్డంత బొబ్బ, లోపల పసుపు నీరు. లేసు ముడి ఉన్నచోట సరిగ్గా ముడి ఆకారంలో మచ్చ పడింది. ఇప్పటికీ ఉంది. ఆ బూట్లు ఎండలో వారం ఉంచినా మళ్లీ వేసుకోవద్దని మా పెద్దాయన తీసుకెళ్లి పారేశాడు.

మీ కుర్రాళ్లు ద్రవాన్ని ముట్టుకోరు, గ్యాస్ మాత్రమే. వాళ్లకి గీరుకోకుండా బట్ట గ్లవ్స్ వేసుకోవచ్చు, అదీ కంటైనర్ క్షేమమని తేలాక. గ్యాస్‌కి గ్లవ్స్ అడ్డు అని మాత్రం ఎవరికీ చెప్పకండి.

రెండో సంగతి చెప్పాలా వద్దా అని ఆలోచించాను. నర్సమ్మగారు ఆలస్యంగా వస్తుందని చెప్పారు కదా, అది కళ్లారా చూసినవాణ్ని.

నాతో పనిచేసినవాడు ఒకడు, నాకంటే రెండేళ్లు చిన్న. గ్యాస్ పెట్టిన గిడ్డంగి ఒకటి, గాలి ఆడిస్తున్నాం. లోపలి మూల ఫ్యాన్ ఆగిపోయిందని వాడు ఊపిరి బిగబట్టి పరిగెత్తి వెళ్లి స్విచ్ వేసి వచ్చాడు. రెండు సార్లు. "ఏం కాలేదురా" అని నవ్వాడు. ఆ సాయంత్రం తలనొప్పి అన్నాడు, మాత్ర వేసుకున్నాడు. మర్నాడు డ్యూటీకి వచ్చాడు, బాగానే మాట్లాడాడు. మధ్యాహ్నం బట్టలు మార్చుకునేటప్పుడు పక్కనే ఉన్నాను. చొక్కా గుండీ పెట్టుకోవడానికి తంటాలు పడుతున్నాడు. గుండీ వేళ్లకి దొరుకుతోంది, రంధ్రం దొరకడం లేదు. మూడుసార్లు, నాలుగుసార్లు ప్రయత్నించాడు. తర్వాత నా వైపు చూశాడు. ఆ చూపు నేను మర్చిపోలేను. అరగంటలో ఆసుపత్రికి చేర్చాం, దారిలోనే మాట ముద్దగా అయిపోయింది. బతికాడు. ఆరు నెలలకి తిరిగి వచ్చాడు, సిలిండర్ల దగ్గరికి కాదు, ఆఫీసు పనికి. ఫైళ్ల మీద వాడి సంతకం ఆ తర్వాత ఎప్పుడూ ఒకేలా పడలేదు.

అందుకే మీ ప్రశ్న చూడగానే గడియారం చూసుకున్నాను, మూడు గంటలకి లోపలికి వెళ్లారంటే ఇప్పటికి ఎన్ని గంటలైందా అని.

2015 మార్చిలో అమెరికన్ వర్జిన్ దీవుల్లో జరిగింది చాలామంది చదివే ఉంటారు. సెలవులకి వెళ్లిన కుటుంబం, తల్లిదండ్రులు, ఇద్దరు టీనేజీ కొడుకులు. వాళ్లు దిగిన విల్లా కింది భాగంలో పురుగుల కోసం ఎంబీ కొట్టారు. నలుగురికీ నరాలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. నివాసాల లోపల దాన్ని వాడకూడదన్న నియమం అమెరికాలో 1984 నుంచే ఉంది. గోడ అవతల వాడినా గ్యాస్ వస్తుంది, గోడలో సందులు చాలు.

కెమిస్ట్రీ_పంతులు:

పెద్దాయన చెప్పినదాంట్లో ఒక్క అక్షరం మార్చను. అది ఎందుకలా చేస్తుందో కొంచెం కలుపుతాను, ఎందుకంటే కారణం తెలిస్తే జాగ్రత్త గుర్తుంటుంది.

ఇది చాలా చిన్న అణువు. ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు, ఒక బ్రోమిన్. చిన్నది కాబట్టి చెక్కలోకి, గింజలోకి, మూసిన పెట్టెలోకి, మామూలు రబ్బరులోకి కూడా దూరిపోతుంది. దూరాక తన మిథైల్ ముక్కని ఎదురైనదానికి తగిలించి బ్రోమైడ్‌ని వదిలేస్తుంది. గంధకం ఉన్న భాగాలంటే దానికి మరీ ఇష్టం. మన శరీరంలోని ఎంజైములు, విషాలని కడిగే గ్లూటాథయోన్, వీటన్నిటిలో ఆ గంధకం ఉంటుంది. పురుగులోనూ అదే, పురుగు గుడ్డులోనూ అదే. అన్ని దశల్నీ చంపుతుందనే దీనికి అంత పేరు. అయితే పురుగుకీ మనిషికీ తేడా చూడదు.

అదే కారణంతో కొన్ని సరుకులకి దీన్ని పెట్టకూడదు. గంధకం ఉన్నవి, ఉన్ని, తోలు, ఈకల దిండ్లు, ఫోమ్ రబ్బరు. వాటితో కలిసి ముక్కు బద్దలయ్యే కంపు పుట్టిస్తుంది, ఎంత గాలి ఆడించినా పోదు. మీ కుషన్లు ఏ రకం ఫోమో తెలియదు గానీ, ఎప్పుడైనా కంటైనర్‌లో కుళ్లిన వాసన తగిలితే అది ఎంబీ వాసన కాదు, దాని పని వాసన.

ఇది పురుగుల్ని చంపుతుందని ఫ్రాన్స్‌లో 1932లో గుర్తించారు. సులభంగా మండదు కాబట్టి ఒకప్పుడు మంటలార్పే సిలిండర్లలో కూడా వాడారు, విమానాల్లో సైతం. మంట ఆర్పబోయినవాళ్లే దానికి బలైన ఉదంతాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి.

తర్వాత ఓజోన్ సంగతి బయటపడింది. ఓజోన్ పొరని చెరపడంలో బ్రోమిన్ పరమాణువు క్లోరిన్ కంటే యాభై అరవై రెట్లు చురుకైనది. మాంట్రియల్ ఒప్పందం 1987లో జరిగితే, 1992లో కోపెన్‌హేగన్ సమావేశంలో దీన్ని జాబితాలో చేర్చారు. అభివృద్ధి చెందిన దేశాలకి 2005, మిగతా దేశాలకి 2015 గడువు. పొలాల్లో మట్టికి పట్టించడం లాంటి పెద్ద వాడకాలు దాదాపు ఆగిపోయాయి. గాల్లో ఇది ఏడాది కూడా నిలవదు, అందుకని వాడకం తగ్గగానే వాతావరణంలో మోతాదు కూడా తగ్గింది. సముద్రాలు, కొన్ని మొక్కలు, కాలే అడవులు సహజంగా వదిలేది మాత్రం ఉంటూనే ఉంటుంది.

మరి మీ కంటైనర్‌లోకి ఎలా వచ్చిందంటారా? సరిహద్దు దాటే సరుకులో పురుగుల్ని ఆపే క్వారంటైన్ పనికి, రవాణాకి ముందు చేసే పనికి ఆ ఒప్పందంలో మినహాయింపు ఉంది. "అది ఎప్పుడో నిషేధించారు కదా" అని ఎవరైనా అంటే ఈ మినహాయింపు గుర్తుచేయండి. నిషేధించారనే ధీమాతో తలుపు తీసేవాళ్లు చాలామంది ఉన్నారు.

పాత_సిలిండర్:

పంతులుగారికి నమస్కారం. "దాని పని వాసన" అన్నారే, ఆ మాట బాగుంది.

ప్యాలెట్ల ప్రశ్న మిగిలిపోయింది. ముద్రలో గోధుమ కంకి బొమ్మ పక్కన దేశం కోడు, అంకెలు, చివర రెండక్షరాలు ఉంటాయి. ఎంబీ అంటే మిథైల్ బ్రోమైడ్ పెట్టింది. హెచ్‌టీ అంటే వేడి చేసింది, చెక్క నడిమధ్య దాకా 56 డిగ్రీలు చేరి 30 నిమిషాలు ఆగాలి. పాత ఎంబీ ప్యాలెట్‌లో గ్యాస్ మిగలదు, గాలికి ఉన్న చెక్క దాన్ని వదిలేస్తుంది, కొంత బ్రోమైడ్ ఉప్పు మాత్రం చెక్కలో ఉండిపోతుంది. అయినా ఇంట్లో బల్లకి నేను హెచ్‌టీ ముద్రే చూసుకుంటాను. పైగా ఏ ముద్ర ఉన్నా, దారిలో దాని మీద ఏ డ్రమ్ము కారిందో ఎవరికీ తెలియదు. మరకలున్నవి, జిడ్డుగా ఉన్నవి పట్టుకెళ్లనివ్వకండి. అప్పుడే కంటైనర్‌లోంచి దిగిన ఎంబీ ప్యాలెట్‌ని ఆ రాత్రే మూసిన గదిలో పెట్టడం మాత్రం వద్దే వద్దు.

స్టిక్కర్ గురించి కూడా. గ్యాస్ పెట్టిన కంటైనర్‌కి యూఎన్ 3359 అనే నంబరు ఉంటుంది, రవాణా కాగితాల్లో వెతకండి. స్టిక్కర్ ఊడిపోవచ్చు, చిరగవచ్చు, అసలు అంటించకపోవచ్చు. స్టిక్కర్ లేని కంటైనర్‌ని కూడా చెక్కతో, బయటి దేశం నుంచి వచ్చిందైతే గ్యాస్ ఉన్నదానిగానే చూడండి. గాలి ఆడించిన తేదీ ఖాళీగా ఉంటే ఆడించలేదనే అర్థం, రాయడం మర్చిపోయారని కాదు. ఇక్కడ నేను ఎవరితోనూ రాజీ పడను.

ఎంబీ బదులు ఫాస్ఫీన్ పెట్టినవీ వస్తాయి. గింజల సరుకులో అది ఎక్కువ. వెల్లుల్లి, కార్బైడ్ లాంటి కంపు వస్తుంది, అదీ అన్నిసార్లూ రాదు. దానికి మోతాదు హద్దు ఇంకా తక్కువ. లోపల బూడిదరంగు పొడి ఉన్న గుడ్డ సంచులు, ప్లేట్లు కనిపిస్తే చేత్తో ముట్టుకోకండి, నీళ్లు అసలు పోయకండి. పొడిలో మందు మిగిలి ఉంటే తడికి మళ్లీ గ్యాస్ వస్తుంది, అంటుకోవచ్చు కూడా. గ్యాస్ పెట్టినవాళ్లనే పిలిచి తీయించండి.

గోదాం_రాత్రిడ్యూటీ:

నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. ఇద్దరు కుర్రాళ్లూ నిన్న ఇంటికి వచ్చారు. వాంతి అయినవాడికి రెండో రోజు చేతులు కొంచెం వణికాయి, డాక్టర్లు గమనిస్తూనే ఉన్నారు, తగ్గింది. పది రోజులకి మళ్లీ రమ్మన్నారు. నాకేమీ కాలేదు.

మేనేజరుతో పెద్ద గొడవే అయింది. ఆలస్యమైతే కంటైనర్ అద్దె పడుతుందంటారు. ఆసుపత్రి కాగితం, స్టిక్కర్ ఫోటో పక్కపక్కన పెట్టి చూపించాను. అప్పుడు ఒప్పుకుని కొలిచేవాళ్లని పిలిపించారు. ఆ కంటైనర్‌నే, అప్పటినుంచి మూసి ఉంచినదాన్నే, సీలు సందులోంచి కొలిచారు. 18 పీపీఎం. తలుపులు తీసి ఫ్యాన్లు పెట్టి నాలుగు గంటల తర్వాత కొలిస్తే సున్నా. నేను మీ మాట గుర్తు చేసి రాత్రికి మూసి ఉంచమన్నాను. పొద్దున్నే 4. మళ్లీ రోజంతా గాలి ఆడించారు. ఈ రోజు పొద్దున 0.5 ఉంది. ఇప్పుడు దింపించవచ్చా అన్నగారూ?

పాత_సిలిండర్:

18 నుంచి అంతా కాగితం మీద ఉంది చూశారా, ఇక మేనేజరుగారికి ఎవరూ వాదించి చెప్పనక్కర్లేదు.

0.5 ఎక్కడ కొలిచారు? తలుపు దగ్గరా, లోపలి చివరనా? నేల దగ్గర, లోపలి మూలల్లో, సోఫాల దొంతరల మధ్య కూడా గొట్టం పెట్టి చూడమనండి. అన్ని చోట్లా 1 కంటే తక్కువ ఉంటే దింపించండి, తలుపులు రెండూ తెరిచే, ఫ్యాన్ నడుస్తుండగానే. మొదటి వరస దించాక ఆగి మళ్లీ కొలవండి, వెనక వరసలు కదిలినప్పుడు కొత్తగా వదులుతాయి. కుషన్ల ప్లాస్టిక్ లోపల విప్పవద్దు, ఆరుబయట విప్పించండి. రీడింగులన్నీ టైముతో, ఎక్కడ కొలిచారో చోటుతో సహా ఒక పుస్తకంలో రాయించండి.

వణికిన కుర్రాడిని ఇప్పుడప్పుడే కంటైనర్ పనికి పంపకండి, పది రోజుల చెకప్ అయ్యేదాకా లెక్కల పని ఇవ్వండి. రోజూ పొద్దున వాడు చొక్కా గుండీలు పెట్టుకునేది ఒకసారి గమనించండి. తేడా అనిపిస్తే చెకప్ తేదీ దాకా ఆగకండి.

ఎమర్జెన్సీ_నర్సు:

గుండీలతో పాటు రోజూ ఒక వాక్యం రాయించి, తేదీ వేసి దాచండి. పది రోజుల కాగితాలు వరసగా పెట్టి డాక్టరుకి చూపిస్తే, మాటల్లో చెప్పలేనిది వాళ్లకి అందులో కనిపిస్తుంది.

గోదాం_రాత్రిడ్యూటీ:

అలాగే మేడమ్, ఈ రోజు నుంచే రాయిస్తాను. అన్నగారూ, కొలిచేవాళ్లు తలుపు దగ్గరే కొలిచారట. లోపలి మూలకి గొట్టం పెట్టమన్నాను. 2.5 వచ్చింది. దింపడం ఆపేశాం, ఫ్యాన్లు మళ్లీ వేశాం.